కొత్త ల్యాప్‌టాప్ పెట్టె మాత్రం నీ చేత్తోనే తెరువు తమ్ముడూ

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది అందరికీ అర్థమయ్యేలా ఒకసారి చెప్పేస్తాను. మీది కవిటి దగ్గర ఊరు. నువ్వు ఇంజనీరింగ్ మూడో ఏడు. నాన్నగారు ఈసారి జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి 55 వేలు తీసి నీ చేతిలో పెట్టారు. మూడు నెలలు వీడియోలు చూసి చూసి రెండు ల్యాప్‌టాప్‌ల దగ్గర ఆగావు. ఒకటి రైజెన్ 5 7520యూ ప్రాసెసర్ (ల్యాప్‌టాప్‌కి మెదడు లాంటి చిప్పు), 16 జీబీ ర్యామ్, వెండిరంగు మెటల్ బాడీ. రెండోది రైజెన్ 5 7530యూ, 8 జీబీ ర్యామ్, పక్కన ఇంకో ర్యామ్ వేసుకోవడానికి ఒక ఖాళీ స్లాట్, మామూలు ప్లాస్టిక్ బాడీ, ధర 3 వేలు తక్కువ. ఆదివారం శ్రీకాకుళం వెళ్లి కొనాలి. ఏది తీసుకోమంటారు, ఇంటికి తెచ్చాక మొదట ఏం చెయ్యాలి అని అడిగావు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని కూడా అన్నావు.

నిద్ర సంగతికి నా దగ్గర మందు లేదు. నాకూ పట్టలేదు. 2007లో నా మొదటి ల్యాప్‌టాప్ విశాఖలో కొని, పాసింజర్ రైల్లో విజయనగరం దాకా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. పైన పెట్టమని పక్కాయన ఎంత చెప్పినా వినలేదు. 1 జీబీ ర్యామ్, 120 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ విస్టా. ఆన్ చేసి టీ తాగి వస్తే అప్పటికి తెర వచ్చేది. మూత మీది ప్లాస్టిక్ పొర రెండేళ్లు తియ్యలేదు. తీసేసరికి లోపల తేమ చేరి అట్లకాడ అంత మచ్చ. ఆ తర్వాత ఇన్నేళ్లుగా గంటస్తంభం దగ్గర ఓ సందులో ఇవే విప్పుతూ బిగిస్తూ బతుకుతున్నాను. కాబట్టి నీ ఆత్రం నాకు తెలుసు. నువ్వా పొర మాత్రం మొదటి రోజే తీసెయ్యి.

ఇక అసలు విషయం. మీ స్నేహితులంతా మొదటిదే కొనమంటున్నారు, ఎందుకంటే 16 జీబీ, మెటల్ బాడీ, పైగా ర్యామ్ కొత్త రకం. నేను రెండోదే తీసుకోమంటాను. 7520, 7530 అని పక్కపక్కన రాస్తే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి కదా, కాదు. ఈ రైజెన్ చిప్పులు చేసే ఏఎండీ కంపెనీవాళ్లు 7000 వరసకి పేరు పెట్టిన పద్ధతిలో మొదటి అంకె ఏ ఏడాది సరుకో చెబుతుంది. లోపలున్న డిజైన్ ఎప్పటిదో చెప్పేది మూడో అంకె. అక్కడ 2 ఉంటే జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్. 3 ఉంటే జెన్ 3, 2020ది. 4 ఉంటే జెన్ 4, 2022ది. మొదటి అంకె 7 చూసి కొత్తదనుకుని కొంటాం, తీరా లోపల ఉండేది పాత ఇంజను.

అంతటితో అయిపోలేదు. కోర్లంటే చిప్పులో పనిచేసే చేతులు, థ్రెడ్లంటే అవి ఒకేసారి పట్టుకోగల పనులు అనుకో. 7520యూలో 4 కోర్లు, 8 థ్రెడ్లు. 7530యూలో 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఎల్3 క్యాష్ మొదటిదానిలో 4 ఎంబీ, రెండోదానిలో 16 ఎంబీ. క్యాష్ అంటే వంట చేసేటప్పుడు చేతికందేలా పెట్టుకునే పోపులపెట్టె అనుకో. అది చిన్నదైతే ప్రతి దినుసుకీ సామానుగదికి పరిగెత్తాలి. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కూడా మొదటిదానిలో పేరుకి కొత్త తరానిదే కానీ ఉన్నవి రెండే యూనిట్లు. రెండోదానిలో వేగా అనే పాత తరం గ్రాఫిక్స్, కానీ 7 యూనిట్లు. నువ్వు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో నేర్చుకుంటానంటున్నావు. దానిలో ఒక ప్రాజెక్టు బిల్డ్ అయ్యేటప్పుడు, అంటే రాసిన కోడ్ యాప్‌గా మారేటప్పుడు, ఎన్ని కోర్లుంటే అన్నీ పనిలోకి దిగుతాయి. అక్కడ తెలుస్తుంది నీకు తేడా.

మొదటిది చెడ్డ ల్యాప్‌టాప్ అనడం లేదు. పాఠాలు చూసుకునే చెల్లికో, లెక్కలు రాసుకునే మామయ్యకో అయితే అదే కొనమనేవాణ్ని. నీ పనికి మాత్రం అది చాలదు.

ర్యామ్ దగ్గర మీ స్నేహితుల మాటలో నిజముంది. 8 జీబీతో నీకు కుదరదు. ఆండ్రాయిడ్ స్టూడియో, తెర మీదే ఉత్తుత్తి ఫోన్ చూపించే దాని ఎమ్యులేటర్, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే 8 జీబీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. కానీ 7520యూ వాడేది ఎల్‌పీడీడీఆర్5 రకం, అది బోర్డుకే అతికించి వస్తుంది. ఆ 16 జీబీయే జీవితాంతం. రెండోదానిలో స్లాట్ ఉంది, డీడీఆర్4 3200 రకం 8 జీబీ ఒకటి కొని వేస్తే అదీ 16 అవుతుంది. పైగా బోర్డు మీది 8, స్లాట్‌లోని 8 కలిసి రెండు దారుల్లో పనిచేస్తాయి. దీన్ని డ్యుయల్ చానల్ అంటారు. నీ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఆ వేగా కూడా ఇదే ర్యామ్‌ని వాడుకుంటుంది కాబట్టి రెండో దారి తెరిస్తే ఆటల్లో తేడా కంటికే కనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. 'ఇప్పుడు 8తో కొనుక్కో, ర్యామ్ తర్వాత చవగ్గా వేసుకో' అని నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పిన మాట ఇప్పుడు పాతబడింది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ సర్వర్ల వాళ్లు చిప్పులు ఎత్తుకుపోతున్నారు. 2011లో థాయిలాండ్ వరదలకి హార్డ్ డిస్కుల ధరలు ఎగిసినప్పుడు, తగ్గుతాయిలే అని ఆగినవాళ్లు నెలల తరబడి ఆగారు. ఆ 3 వేల మిగులుకి ర్యామ్ వస్తుందో రాదో బేరం చేసే రోజే అడుగు. ల్యాప్‌టాప్, ర్యామ్ కలిపి ఒకే ధర చెప్పమను. వాళ్ల చేతే వేయించి బిల్లులో రాయించు. మూత విప్పితే వారంటీ పోతుందేమో అన్న టెన్షన్ ఉండదు.

స్క్రీన్ గురించి రెండు ముక్కలు. రెండిట్లోనూ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉందన్నావు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. రంగులు కాస్త వెలిసినట్టు ఉంటాయి. కోడింగ్‌కి ఏమీ కాదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి డబ్బు సంపాదిద్దామనుకుంటే మాత్రం 100 శాతం ఎస్ఆర్‌జీబీ (రంగులకి ఇంకో కొలత) ఉన్న తెర కావాలి, అది నీ 55 వేలలో కష్టం. ఆ సరదా తర్వాత చూద్దువుగాని.

షాపులో జరిగేది ఇప్పుడు చెబుతాను, ఇక్కడ కొంచెం నిదానంగా చదువు. పెట్టె సీలు నీ ఎదురుగా తియ్యాలి. తీసేటప్పుడు నాన్నగారి చేతికి ఫోన్ ఇచ్చి వీడియో తియ్యమను. పెట్టె మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది, బిల్లు మీద రాసేది మూడూ ఒకటే కావాలి. జీఎస్‌టీ బిల్లే తీసుకో. 'బిల్లు లేకపోతే తగ్గిస్తాం' అంటే ఆ తగ్గింపు వదిలెయ్యి, రేపు వారంటీకి వెళ్తే మొదట అడిగేది అదే కాగితం.

తర్వాత కౌంటర్ దగ్గర కుర్రాడు చాలా మర్యాదగా అంటాడు, 'అన్నా, మేమే సెటప్ చేసి, సాఫ్ట్‌వేర్లన్నీ వేసి ఇచ్చేస్తాం, పది నిమిషాలు.' వద్దను. ఎందుకంటే ఇది విను.

బొబ్బిలి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఎం.ఎస్సీ చివరి ఏడు. ల్యాప్‌టాప్‌కి ఏడాదే అయింది. ముందురోజు రాత్రి బయోస్, అంటే విండోస్ కంటే ముందు ల్యాప్‌టాప్‌ని నిద్రలేపే ప్రోగ్రామ్, దాని అప్‌డేట్ ఏదో వచ్చింది, ఒప్పుకుంది. పొద్దున్న ఆన్ చేస్తే నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది, 48 అంకెలు. ఆ అమ్మాయి ఆ పేరే వినలేదు. విండోస్ 11 ఉన్న చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళ్లగానే డిస్క్ అంతటికీ ఈ బిట్‌లాకర్ తాళం దానంతట అదే పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా లోపలి సరుకు చదవలేకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. తాళంచెవి, అంటే ఆ 48 అంకెలు, ఎవరి అకౌంట్‌తో మొదట సెటప్ చేశారో ఆ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. మామూలు రోజుల్లో అది మనకి కనిపించదు. బయోస్ మారినా, మదర్‌బోర్డు మార్చినా ఇది నిజంగా నువ్వేనా అని ల్యాప్‌టాప్ అడుగుతుంది.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సెటప్ చేసింది షాపు కుర్రాడు. వచ్చినవాళ్లందరికీ ఒకే మెయిల్ వాడేవాడట. ఫోన్ చేస్తే ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయాడన్నారు. మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు, ఓటీపీ వెళ్లే సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. నాలుగు రోజులు తిరిగాం. ఆ కీ లేకుండా డిస్క్‌లోంచి ఒక్క ఫైలు కూడా ఎవరూ తియ్యలేరు, నేనే కాదు, హైదరాబాద్‌లో డేటా రికవరీ వాళ్లూ తియ్యలేరు. చివరికి ఫార్మాట్ చేశాను. ప్రాజెక్టు రిపోర్టులో సగం గైడ్‌కి మెయిల్ చేసి ఉండడం వల్ల బయటపడింది, మిగతా సగం మళ్లీ రాసుకుంది. నా బల్ల మీద ఫార్మాట్ నొక్కే ముందు చెయ్యి ఆగిన సందర్భాలు తక్కువ, అది వాటిలో ఒకటి.

అందుకే పెట్టె తెరవడం షాపులో, ఆన్ చేసి తెర వస్తోందా లేదా చూడడం షాపులో. అకౌంట్ పెట్టడం మాత్రం ఇంట్లో, నీ సొంత మెయిల్‌తో, నీ సొంత ఫోన్ నంబరుతో. సెటప్ అయ్యాక నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ దగ్గర రికవరీ కీ ఉందో లేదో చూసి, ఉంటే ఒక కాగితం మీద రాసి ఇంటి పట్టా కాగితాలున్న చోట పెట్టు. నవ్వులాట కాదు, ఆ 48 అంకెలు అలాంటివే.

మొదటి వారం ల్యాప్‌టాప్‌ని గారాబం చెయ్యకు, గట్టిగా వాడు. ఉన్న లోపం ఈ వారంలోనే బయటపడాలి, మార్చి ఇచ్చే గడువు చాలా చోట్ల అంతే ఉంటుంది, అది ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకో. తెర అంతా తెల్లగా, తర్వాత నల్లగా పెట్టి చుక్కలేమైనా ఉన్నాయా చూడు. ప్రతి పోర్టులోనూ పెన్‌డ్రైవ్ పెట్టు. టైప్-సీ పోర్టు ఉందని అన్నీ చేస్తుందనుకోకు, కొన్ని చార్జింగ్ తీసుకోవు, కొన్ని టీవీకి బొమ్మ పంపవు, పోర్టు పక్కన చిన్న గుర్తులుంటాయి. 512 జీబీ అన్నది తెరిచి చూస్తే 476 అని కనిపిస్తుంది, ఎవరూ మోసం చెయ్యలేదు. కంపెనీ 1,00,00,00,000 బైట్లని ఒక జీబీ అంటుంది, విండోస్ 1,07,37,41,824 బైట్లని అంటుంది. అంతే తేడా. ఈ 36 జీబీ కోసం నా దగ్గరికి గొడవకొచ్చినవాళ్లున్నారు.

బ్యాటరీ కూడా చూసుకో. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల తెర వస్తుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ప్రశ్నార్థకం ఉండే మీటలోని వాలుగీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఖాళీ లేకుండా కొట్టు. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. కొత్తదానిలో అవి ఇంచుమించు ఒకటిగా ఉండాలి. సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్ని చుట్లు నిండి ఖాళీ అయిందన్న లెక్క, ఏ యాభయ్యో చూపిస్తే అది షోకేసులో ఎవరెవరి వేళ్లో పడ్డ సరుకు. ఇంట్లో ఎక్కువగా ప్లగ్గు పెట్టే వాడతావు కాబట్టి కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సౌకర్యం ఉంటే పెట్టేసుకో. లిథియం బ్యాటరీకి వేడి, నిండు కడుపు రెండూ కలిస్తే పడదు.

ఇక మన ఊళ్ల సంగతి, ఇది వీడియోల్లో దొరకదు. మెటల్ బాడీ ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు నెలకి ఒకరైనా వస్తారు, 'అన్నా, చార్జింగ్ పెట్టి చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోంది, షాక్ కొడుతోంది' అని. ఇక్కడ నా బల్ల మీద పెడితే ఏమీ ఉండదు. లోపం ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. అడాప్టర్ లోపల కరెంటు వైపుకీ, ల్యాప్‌టాప్ వైపుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, ఎలక్ట్రికల్ గోలని అణచడానికి. దాని గుండా అతి కొద్ది కరెంటు ఎప్పుడూ కారుతూ ఉంటుంది. మూడో పిన్ను సరిగ్గా భూమికి తగిలి ఉంటే అది అటు పోతుంది. లేకపోతే బాడీ మీద నిలబడి, అరచెయ్యి తగలగానే మన గుండా దారి వెతుక్కుంటుంది. ఆ కాస్త కరెంటు మనిషిని చంపదు. కానీ ఎర్త్ లేని ఇంట్లో రేపు ఫ్రిజ్‌లోనో, మోటార్‌లోనో నిజమైన లోపం వస్తే చంపుతుంది. ల్యాప్‌టాప్ పుణ్యమా అని ముందే తెలిసిందనుకోవాలి.

నువ్వు ప్లాస్టిక్ బాడీది కొంటే ఈ జివ్వు తెలియకపోవచ్చు, ఎర్తింగ్ లేని సంగతి మాత్రం మారదు. మూడో పిన్ను విరిచేసి రెండు కన్నాల సాకెట్‌లో పెట్టే పని చెయ్యకు. మీవైపు ఉద్దానం నేల ఇసుక నేల, వేసవిలో ఎర్త్ గుంత దగ్గర తేమ ఆరిపోతుంది. బొగ్గూ ఉప్పూ వేసి ఎప్పుడో పూడ్చిన గుంతైనా సరే, వారానికో బకెట్ నీళ్లు పోస్తే తేడా ఉంటుంది.

స్టెబిలైజర్ కొనాలా అని మీ నాన్నగారు అడిగారన్నావు. అక్కర్లేదని చెప్పు. అడాప్టర్ మీద సన్నక్షరాల్లో 100-240 అని ఉంటుంది, సాయంత్రం వోల్టేజీ 170కి పడిపోయినా అది పనిచేస్తుంది. యూపీఎస్ కూడా దండగ, ల్యాప్‌టాప్‌కి కడుపులోనే బ్యాటరీ ఉంది. ఆ డబ్బుతో రూటర్‌కి చిన్న యూపీఎస్ కొను, కరెంటు పోయినా నెట్ ఉంటుంది. ఉరుములు మొదలైతే మాత్రం స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకెయ్యి, రూటర్ నుంచి వచ్చే లాన్ కేబుల్ కూడా పీకెయ్యి. మేలో మనవైపు సాయంత్రం గాలివాన వచ్చిన మర్నాడు నా దగ్గరికి వచ్చే బోర్డుల్లో చాలావాటికి దెబ్బ ఆ కేబుల్ దారిలోనే వచ్చి ఉంటుంది.

సముద్రం మీకు దగ్గర. ఉప్పుగాలికి పోర్టుల్లో, స్క్రూల మీద ముందు తెల్లటి పొడి, తర్వాత పచ్చటి చిలుము కనిపిస్తాయి. మూల పడేసి ఉంచినదానికే ఇది ఎక్కువ. రోజూ వాడితే లోపలి వేడికి తేమ ఆరుతుంది. సెలవులకి వదిలేసి వెళ్తే సిలికా జెల్ పొట్లాలు బ్యాగులో వేసి జిప్పు పెట్టు. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడకు, అడుగున గాలి పీల్చే కన్నాలు మూసుకుపోతాయి.

తుపాను మాట నేను నీకు చెప్పాలా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి, జీడితోటలూ కొబ్బరితోటలూ ఎలా పడిపోయాయో చూసే ఉంటావు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజున మా షాపు రేకు లేచిపోయి రిపేరుకి వచ్చిన పదకొండు ల్యాప్‌టాప్‌లు తడిశాయి. బోర్డులు ఆరబెట్టి ఏడు బాగుచేశాను. మిగతా నాలుగింటివాళ్లు ల్యాప్‌టాప్ పోయిందని ఏడవలేదు. పిల్ల మొదటి పుట్టినరోజు ఫొటోలు, చనిపోయిన తండ్రి గొంతు రికార్డింగు, ఇవి అడిగారు. అప్పట్నుంచి నా దగ్గర కొన్న ప్రతివాడికీ ఒకటే చెబుతున్నాను, ముఖ్యమైనవి ఇంకో చోట ఉండాలి. ఒక బయటి డిస్క్ కొని నెలకోసారి కాపీ పెట్టుకో. అక్టోబరు వస్తుంటే దాన్ని జిప్పు కవర్లో వేసి అటక మీద కాదు, ఇంటి మధ్య గదిలో బీరువాలో పెట్టు.

ఇంకోటి, నవ్వుకోవడానికే. దసరాకి మీ అమ్మగారు దానికి బొట్టు పెడతారు, పెట్టనివ్వు. మూత మీద పెట్టమను, కీబోర్డు మీద వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమాను వారానికి నా షాపులో కనీసం మూడు కీబోర్డుల్లో కుంకుమ, ఒకదానిలో అక్షింతలు తేలతాయి. ఒకాయన నిమ్మకాయ కోసి ఆ రసం చేత్తోనే మూత తెరిచాడు.

శ్రీకాకుళంలో షాపువాళ్లు ర్యామ్‌తో కలిపి ఎంత చెప్పారో రాయి, ఎక్కువనిపిస్తే నేను చెబుతాను. ఆదివారం కంటే ముందు శనివారం ఉంది కదా, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి నువ్వు ల్యాప్‌టాప్ పెట్టబోయే సాకెట్ దగ్గర ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు వెలుగుతుందో లేదో చూపించుకో.